ఉదయగిరి కొండ మీద ఆ ఎదురుగాలిని నమ్మితే ప్రాణం పోతుంది!

"మబ్బు లేదు, ఎదురుగాలి హాయిగా వస్తా ఉండాది, ఎగరడానికి ఇంకేం కావాలన్నా?" మన నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం మీద పారాగ్లైడింగ్, అదే గుడ్డ రెక్క కట్టుకుని కొండ మీద నుంచి ఎగరడం, పెట్టండి, కానీ మే నెలలో మాత్రం వద్దు అన్నందుకు నా మీద పడి అందరూ అడుగుతున్నది ఇదే. వినండి. ఆ హాయైన ఎదురుగాలే మనిషిని చంపేది!

ఎట్టాగంటారా? రోహిణి కార్తెలో మనకి వీచేది పడమటి గాలి. ఆ వడగాలి సంగతి నెల్లూరోళ్లకీ ఒంగోలోళ్లకీ నేను చెప్పాలా! అది వెలిగొండలు దాటి తూర్పుకి దిగేటప్పుడు సుడులు తిరుగుతుంది. పైలట్లు దాన్ని రోటర్ అంటారు. మీరేమో తూర్పు వాలు మీద నిలబడి ఉంటారు. కాలిన బండల మీద నుంచి వేడిగాలి పైకి లేచి మొహానికి కొడుతుంది. ఆహా, ఎదురుగాలి అనుకుంటారు. అసలు గాలి మీ వెనక, కొండ అవతల నుంచి వస్తోంది స్వామీ! పైకి లేచి ఆ సుడిలో పడ్డారా, రెక్క ముడుచుకుపోతుంది. అది ఉత్త గుడ్డ, లోపల గాలి నిండితేనే రెక్క. రిజర్వ్ పారాచ్యూట్ ఉందిగా అంటారు. అది విచ్చుకునేంత ఎత్తు కొండవాలు పక్కన ఎక్కడుంటది?

ఫోన్‌లో గాలి గంటకి 10 కిలోమీటర్లే చూపిస్తోందంటారా? ఆ లెక్క మామూలుగా చదునైన చోట నేలకి 10 మీటర్ల ఎత్తుది. మీ వాలు దానికేం తెలుసు? రిబ్బన్ కట్టి చూడండి. ఎదురుగాలి ఆగి, ఒక్కసారి వీపుకి గాలి తగిలినా సరే, గ్లైడర్ మడిచి దిగిపోండి.

అనుభవం ఉంటే చాలనేవాళ్లకి ఒకటే చెప్తా. 2007లో ఆస్ట్రేలియాలో ఎవా విష్నియెర్స్కా అనే జర్మన్ చాంపియన్‌ని ఉరుముల మబ్బు 9,946 మీటర్లకి లాక్కుపోయింది. ఎవరెస్ట్ కంటే పైకి! స్పృహ తప్పి, ఎట్టాగో బతికింది. అదే మబ్బులో చిక్కిన చైనా పైలట్ బతకలేదు.

నన్నడిగితే అసలు జబ్బు గాలిలో లేదు, కూలిలో ఉంది. ట్రిప్పుకింత అని డబ్బులిస్తే పైలట్ గాలిని చూడడు, క్యూని చూస్తాడు! ఉదయగిరిలో పెట్టేవాళ్లు ముందు పైలట్‌కి నెల జీతం రాసివ్వండి, ఎగరని రోజుకి కూడా. ఆ రోజు టికెట్ కొన్నోళ్లకి అక్కడికక్కడే డబ్బులు వాపసు ఇవ్వండి. అది ఒప్పుకుంటేనే పర్మిషన్ అడగండి!