మంచు రోజుల్లో రాత

సభకు నమస్కారం.

"చలికాలం కదండీ, పల్లెలో హాయిగా కూర్చుని రాసుకుంటారేమో" అని ఇందాక టీ దగ్గర ఒకాయన అడిగారు. నవ్వొచ్చింది. స్టాక్‌హోంలో డిసెంబరు నెలలో పగలు ఆరు గంటలే. బయట మంచు పేరుకుపోయి ఉంటే అక్కడి రచయితకి తలుపేసుకుని కూర్చోక తప్పదు. అమలాపురం దగ్గర మా ఊళ్లో అదే రోజుల్లో పగలు పదకొండు గంటలు. మాటకి రెండూ మంచే గానీ, మాది కొబ్బరాకుల మీంచి టపటపా రాలే మంచు. అది ఇంట్లో కూర్చోనివ్వదు, చేలోకి తరుముతుంది.

మాకున్న ఎకరంలో సార్వాకి, అంటే వానాకాలం పంటకి, స్వర్ణ వరి వేస్తాం. మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన రకం. ఐదు నెలల పంట కాబట్టి కోత సరిగ్గా మంచు రోజుల్లోకి వచ్చి పడుతుంది. మిషన్ కోసిన ధాన్యాన్ని రోడ్డు పక్కన బరకాల మీద పోస్తాం. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో మళ్లీ ఆరబెట్టి తెమ్మంటారు. అందుకని ఎండ తేలాక నెరపాలి, గంటకోసారి కాళ్లతో తిరగెయ్యాలి, సాయంత్రం ఐదుకల్లా పోగుచేసి కప్పాలి. ఒకసారి కథ ముగింపు కుదురుతోంది కదా అని కప్పడం మర్చిపోయాను. తెల్లారేసరికి పైపొరంతా చెమ్మ. తేమ మిషన్ 19 చూపించింది. ఆ కథ కూడా తిరిగొచ్చింది లెండి. దాళ్వా, అంటే రెండో పంట, నారుమడి సంగతి ఎత్తను. చలికి నారు ఎదగదు, అదో ఏడుపు.

మరి రాసేదెప్పుడు? తెల్లవారుజామున నాలుగు నుంచి ఐదు దాకా. ధనుర్మాసం వచ్చిందంటే ఐదింటికి గుడి మైకు మొదలవుతుంది. తిరుప్పావైలో పాశురాలు 30, రోజుకొకటి. నేనూ రోజుకో పేజీ అనుకున్నాను. మైకు ఒక్కరోజూ తప్పలేదు, నా బండి మాత్రం కిందటేడు పంతొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయింది. కాగితం చెమ్మకి మెత్తబడి ఇంకు పాకుతుందని పెన్సిల్‌తో రాస్తాను. నోటుబుక్కులో ముందు నుంచి కథ, వెనక నుంచి ముగ్గుల చుక్కలు, మధ్యలో ఎక్కడో బస్తాల లెక్క. ఒక పాత్ర పేరు పక్కన "కూలి బాకీ 600" అని ఉంటే మా అమ్మాయి చూసి, "ఇంతకీ వాడు బాకీ తీర్చాడా అమ్మా?" అంది. నాకా సంగతి తట్టనే లేదు. ఆ కథ మళ్లీ మొదటి నుంచి రాశాను.

ముగ్గు పూర్తయ్యేసరికి హరిదాసు వస్తాడు. నెత్తిన అక్షయపాత్ర దించడు, పాటే తప్ప మాట ఉండదు. మోకాళ్ల మీద కూర్చుంటే పిల్లలు దోసెడు బియ్యం అందులో పోస్తారు. ఈమధ్య కొందరు స్కూటర్ మీద, స్పీకర్ పెట్టుకుని వస్తున్నారు. దాన్ని వెక్కిరిస్తూ ఒక కథ రాయమని ఓ మిత్రుడు సలహా ఇచ్చాడు. నేను రాయను. నాలుగు ఊళ్లు తిరగాలి, మోకాళ్లు ఆయనవి.

పత్రికలవాళ్లు సంక్రాంతి కథ దసరాకే అడుగుతారు. కాబట్టి నా సంక్రాంతి కథలన్నీ ఉక్కపోతలో, కరెంటు లేనప్పుడు విసనకర్ర పట్టుకుని రాసినవే. మంచులో రాసినవి ఏ వేసవిలోనో అచ్చవుతాయి. తేగలు తింటూ రాసింది మామిడిపళ్ల రోజుల్లో చదువుతారన్నమాట.

ప్రశ్నలుంటే త్వరగా అడగండి. నాలుగు కావస్తోంది, బరకం ఇంకా కప్పలేదు.