పాచి పట్టనివ్వని పూత

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చారు, సంతోషం. ఇవాళ ఒంట్లో పెట్టే ఆసుపత్రి పైపులకు, ఇంప్లాంట్లకు పూసే జెల్ పూత గురించి మాట్లాడుకుందాం.

ఈ గ్లాసులో అరగంట కిందట చెంచాడు సబ్జా గింజలు నానేశాను. ఒక గింజ వేళ్ల మధ్య పట్టుకుని చూడండి, జారిపోతుంది. నల్లటి గింజ చుట్టూ నీళ్లు పట్టుకున్న ఆ పొరే హైడ్రోజెల్. మన ఫలూదాలో ఎప్పటినుంచో తింటున్నాం. 1960లో ఓటో విక్టెర్లే, ద్రాహోస్లావ్ లీమ్ అనే చెక్ శాస్త్రవేత్తలు ఒంట్లో వాడదగ్గ జెల్ గురించి రాశారు. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు అలా వచ్చినవే.

నాలుగేళ్ల కిందట మా అమ్మకు తుంటి ఎముక విరిగి, నగరంలోనే ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. యూరిన్ పైపు తీయాల్సిన రోజు దాటినా ఎవరూ పట్టించుకోలేదు. ఐదో రాత్రి చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. నేను పాలిమర్లు, అంటే ప్లాస్టిక్, జెల్ లాంటి పదార్థాలు, చదివినవాణ్ని. ఆ పైపు మీద ఏం జరుగుతోందో తెలుసు. అయినా తీయమని అడగాలని తట్టలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

జరిగేది ఇదీ. పైపు లోపలికి వెళ్లిన కాసేపటికే దానికి ప్రోటీన్లు అంటుకుంటాయి. వాటిని పట్టుకుని బ్యాక్టీరియా కూర్చుంటుంది, చుట్టూ జిగురు అల్లుకుంటుంది. పొద్దున్నే పళ్ల మీద తగిలే పాచి కూడా ఇలాంటిదే. అందులో దాక్కున్న బ్యాక్టీరియాను చంపాలంటే, విడిగా తిరిగేదానికన్నా వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు మందు కావాలి. అంత మందు మనిషికి ఎక్కించలేం.

అందుకే అసలు కూర్చోనివ్వకూడదు. పైపు మీద సబ్జా జిగురులాంటి జెల్ పూస్తే, ఆ పొరలో నీరే ఎక్కువ కాబట్టి ప్రోటీన్లకు పట్టు చిక్కదు. అందులో బ్యాక్టీరియాను చంపే వెండి గానీ యాంటీబయాటిక్ గానీ కలిపితే మెల్లగా ఊరుతుంది. ఎముకలో పెట్టే ఇంప్లాంట్‌కు మాత్రం పూత అక్కడే ఉండిపోకూడదు, ఎముక అతుక్కోవాలి కదా. మన ఒంట్లో సహజంగా ఉండే హయలురోనిక్ ఆమ్లంతో చేసిన ఒక జెల్‌లో సర్జన్ ఆపరేషన్ బల్ల దగ్గరే యాంటీబయాటిక్ కలిపి పూస్తారు. దాదాపు 72 గంటల్లో అది కరిగిపోతుంది.

వెండి అనగానే మురిసిపోకండి. బ్రిటన్‌లో 24 ఆసుపత్రుల్లో 7,000 మందికి పైగా రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. కొద్దిరోజులు పెట్టే పైపులకు వెండి పూత పెద్దగా మేలు చేయలేదని తేలింది. వెండి అయిపోతుంది. చచ్చిన బ్యాక్టీరియా పూత మీదే పేరుకుంటుంది, దాని మీద కొత్తది చేరుతుంది.

మళ్లీ సబ్జా దగ్గరకు వద్దాం. ఆ జిగురును గోటితో గీకండి, తేలిగ్గా ఊడదు. సన్నని సెల్యులోజ్ పోగులు దాన్ని గింజకు కట్టి ఉంచుతాయి. సిలికోన్ పైపు మీది పూతకు అలాంటి పోగులు లేవు. లోపలికి తోసేటప్పుడే రాసుకుని ఊడిపోతే ఇక అందులో ఏ మందు ఉండి ఏం లాభం? వైద్య పరికరాలు తయారుచేసే సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో ఉద్యోగాలకు వెళ్లబోయే పిల్లలు ఇక్కడ ఉంటే, నేను మీ ముందు పెట్టే ప్రశ్న ఇదే.

మిగతావాళ్లకు ఒక్క మాట. మీవాళ్లు ఆసుపత్రిలో ఉంటే, రోజూ పొద్దున రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్‌ను అడగండి: "సార్, ఈ పైపు ఇవాళ కూడా అవసరమా?"