ఒంట్లోకి వచ్చానని బ్యాక్టీరియాకు ఎలా తెలుస్తుంది?

(తిరుపతిలో మైక్రోబయాలజీ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. జబ్బుల జాబితా మీ పుస్తకాల్లో ఎలాగూ ఉంది, దాని జోలికి పోను. ఒక్క ప్రశ్న చూద్దాం. రోగం తెచ్చే బ్యాక్టీరియా అస్తమానం విషం తయారుచేస్తూ కూర్చోదు. ఆ పనికి బోలెడంత శక్తి ఖర్చవుతుంది. మట్టిలో, నీళ్లలో ఉన్నప్పుడు దాంతో అవసరమూ లేదు. మరి మన ఒంట్లోకి చేరానని దానికి ఎవరు చెబుతారు?

లిస్టీరియాను తీసుకోండి. మట్టిలో బతుకుతుంది, పాలలో చేరుతుంది, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర కూడా పెరుగుతుంది. గర్భిణులకు చాలా ప్రమాదం. దాని రోగకారక జన్యువుల మీద పెత్తనం పీఆర్ఎఫ్ఏ అనే ప్రొటీన్‌ది. చల్లగా ఉన్నంతసేపు ఆ ప్రొటీన్ తాలూకు ఎంఆర్ఎన్ఏ (జన్యువు నుంచి వచ్చే తయారీ నకలు) మొదటి భాగం జడలా మెలేసుకుని ఉంటుంది. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ పట్టుకోవాల్సిన చోటు ఆ మెలికలోనే దాగిపోతుంది. 37 డిగ్రీలకు మెలిక విడిపోతుంది, ప్రొటీన్ తయారీ జోరందుకుంటుంది. ఈ సంగతి 2002లో తేలింది. వేరే పరికరమేమీ లేదు, ఆ ఆర్ఎన్ఏ ముక్కే థర్మామీటర్! నన్నడిగితే ఇంత పొదుపైన ఏర్పాటు ఇంకోటి లేదు.

ఇక్కడ మీకు అనుమానం రావాలి. మే నెలలో మన తిరుపతిలో బయట పెట్టిన పాలగిన్నె కూడా 37 దాటుతుంది కదా సార్, అని. నిజమే. వేడినొక్కదాన్నే నమ్ముకుంటే లిస్టీరియా మోసపోయేదే. అందుకే పీఆర్ఎఫ్ఏ తయారైనంత మాత్రాన సరిపోదు. కణాల్లో ఉండే గ్లూటాథయోన్ అనే చిన్న అణువు దానికి అతుక్కుంటేనే పూర్తిగా పనిలోకి దిగుతుంది. లిస్టీరియా మన కణాల్లోకి దూరుతుంది, ఆ కణం లోపలి పరిస్థితులు అందుకు అనుకూలం. ఆ గ్లూటాథయోన్ కొంత బ్యాక్టీరియాదే, కొంత మనది.

కంఠసర్పి (డిఫ్తీరియా) బ్యాక్టీరియా చూసేది ఇనుమును. మన ఒంట్లో ఇనుము ఉంటుంది కానీ విడిగా దొరకదు, ట్రాన్స్‌ఫెరిన్ లాంటి ప్రొటీన్లు గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఇనుము దొరికినంతకాలం డీటీఎక్స్ఆర్ అనే ప్రొటీన్ దాంతో కలిసి విషపు జన్యువుకు అడ్డంగా ఉంటుంది. ఇనుము కరువైతే తప్పుకుంటుంది, విషం తయారవుతుంది. తమాషా ఏమిటంటే, ఆ జన్యువు అసలు బ్యాక్టీరియాది కాదు, దానిలో చేరిన ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) తెచ్చింది. అదుపు మాత్రం బ్యాక్టీరియా చేతిలో ఉంది! టీకా తయారుచేసేవాళ్లకు ఇదంతా కొట్టినపిండి. ముందు విషాన్ని పండించి, తర్వాత ఫార్మాలిన్‌తో దాని కోరలు పీకాలి కాబట్టి, బ్యాక్టీరియాను పెంచే మీడియంలో ఇనుము ఎక్కువైతే దిగుబడి పడిపోతుందని వాళ్లకు టెన్షన్.

మరి ఇలాంటి స్విచ్‌ను మనమే ఆపేస్తే? అందుకు కలరా గురించి రెండు ముక్కలు. దాని విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించారు. ఆ విషపు జన్యువును నడిపించే టాక్స్‌టీ ప్రొటీన్‌ను విర్‌స్టాటిన్ అనే చిన్న అణువు ఆపగలదని 2005లో చూపించారు. బ్యాక్టీరియా చావదు, ఎలుక పిల్లల పేగుల్లో పాతుకోలేకపోతుంది, అంతే. చంపడం లేదు కాబట్టి బ్యాక్టీరియాకు ఈ మందును తట్టుకునే నిరోధకత రాదని కొందరు సంబరపడ్డారు. అంత తేలిక కాదు నాయనా: టాక్స్‌టీలో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, విర్‌స్టాటిన్ పనిచేయదు.