మళ్లీ వచ్చిన మనిషి

శ్రోతలకు నమస్కారం.

పంటి ఇంప్లాంట్లు, అంటే పోయిన పంటి చోట దవడ ఎముకలోకి దించే లోహపు స్క్రూలు, వాటి మీద జరిగే పరిశోధన గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. అయితే ముందుగా ఒక రోగి గురించి చెప్పాలి. ఈ రంగంలో శాస్త్రవేత్తల పేర్లు చెప్పేవారు చాలామంది ఉన్నారు. రోగుల పేర్లు ఎవరికీ గుర్తుండవు. ఒక్క పేరు మాత్రం నిలిచింది. యోస్టా లార్సన్.

ఆయనది స్వీడన్. పుట్టుకతోనే దవడ, గడ్డం సరిగ్గా ఏర్పడలేదు. అంగిలి చీలి ఉంది. కింది దవడలో పళ్లు లేవు. నమలడం కష్టం, మాట్లాడడం కష్టం. 1965లో, 34 ఏళ్ల వయసులో, గోతెన్‌బర్గ్ నగరంలో ఒక శస్త్రచికిత్సకు ఆయన ఒప్పుకున్నారు. ఆ పద్ధతిని అప్పటికి కుందేళ్ల మీద, కుక్కల మీద పరీక్షించారు. మనిషి మీద అదే మొదలు. ఆ రోజు ఆయన కింది దవడ ఎముకలోకి నాలుగు టైటానియం స్క్రూలు దిగాయి. కొన్ని నెలలు ఆగి, అవి ఎముకలో కుదురుకున్నాక, వాటి మీద పళ్లు కట్టారు.

2006లో యోస్టా లార్సన్ కన్నుమూశారు. అప్పటిదాకా, అంటే 40 ఏళ్లకు పైగా, ఆ స్క్రూలు ఆయన నోట్లోనే పనిచేశాయి.

శస్త్రచికిత్స చేసిన పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ దంతవైద్యుడు కాదు. ఎముక మజ్జలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడాలని 1950ల మొదట్లో లుండ్ విశ్వవిద్యాలయంలో కుందేళ్ల కాలి ఎముకల్లో చిన్న టైటానియం గొట్టాలు అమర్చారు. పని అయ్యాక బయటికి లాగబోతే అవి రాలేదు. ఎముక వాటిని పట్టేసుకుంది. ఆ పట్టుకే తర్వాత ఆస్టియో ఇంటిగ్రేషన్ అని పేరు పెట్టారు. కుందేలు కథ మీలో చాలామంది విన్నదే కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేస్తాను. నాకు కావలసింది కుందేలు తర్వాతి కథ.

ఆ స్క్రూలు 40 ఏళ్లు నిలిచాయని మనకు ఎలా తెలిసింది? ఆయన మళ్లీ వైద్యులకు కనిపించారు కాబట్టి. మళ్లీ, మళ్లీ కనిపించారు కాబట్టి. ఆయన ఒక్కసారి పళ్లు కట్టించుకుని ఏ ఊరికో వెళ్లిపోయి ఉంటే ఈ కథలో మొదటి వాక్యం ఉండేది, చివరి వాక్యం ఉండేది కాదు.

ఇది నాకు ఎందుకింత పట్టింపో చెబుతాను. నేను కొంతకాలం ఒక దంత వైద్యశాలలో, పరిశోధన జరిగే విభాగంలో పనిచేశాను. నా పని గొప్పదేమీ కాదు. ఫోన్లు చేయడం. ఇంప్లాంట్ పెట్టించుకుని ఏడాది దాటినవారు, మూడేళ్లు దాటినవారు, అయిదేళ్లు దాటినవారు ఉంటారు కదా. వారికి ఫోను చేసి, ఒక్కసారి వచ్చి చూపించుకోండి అని అడగాలి. సగం ఫోన్లలో ఒకటే జవాబు.

"బాగానే ఉంది కదండీ, ఇంకెందుకు రావడం?"

మిగతా సగంలో కొన్ని నంబర్లు మారిపోయి ఉండేవి. కొందరు ఊరు మారి ఉండేవారు. ఒక పెద్దాయన మాత్రం నాకు ఇప్పటికీ గుర్తు. రెండుసార్లు ఫోను చేస్తే రెండుసార్లూ బాగుందనే చెప్పారు. మూడోసారి చేస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "ఆ ఇంప్లాంట్ పోయి రెండేళ్లయింది. వేరేచోట తీయించేశాను. డాక్టరుగారు అంత శ్రద్ధగా చేశారు, చెబితే బాధపడతారని చెప్పలేదు."

చూడండి. మర్యాద కొద్దీ దాచారు. ఆయన మంచితనాన్ని నేను తప్పుపట్టను. కానీ మా పుస్తకంలో అప్పటిదాకా ఆయన పేరు ఎదురుగా "బాగుంది" అనే ఉంది. ఆ గడిని కొట్టేసి "ఊడిపోయింది" అని రాస్తున్నప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. మిగతా "బాగుంది"లలో ఇలాంటివి ఎన్ని?

ఒక చిన్న లెక్క చెబుతాను. కాగితం, కలం అక్కర్లేదు, వింటే చాలు. ఇది ఊహించి చెబుతున్న లెక్క. వంద మందికి ఇంప్లాంట్లు పెట్టారనుకుందాం. అయిదేళ్ల తర్వాత పిలిస్తే 70 మంది వచ్చారు. వారిలో 67 మందికి గట్టిగా ఉన్నాయి. ఇప్పుడు శాతం ఎంత? వచ్చినవారిని మాత్రమే లెక్కపెడితే దాదాపు 96. ఎంత బాగుందో! మరి రాని 30 మంది సంగతి? వారందరికీ ఊడిపోయాయని అనుకుంటే 67 శాతమే. అందరికీ ఊడిపోయి ఉంటాయని ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను. అందరికీ బాగానే ఉంటాయని నమ్మడానికీ ఆధారం లేదు. నిజం 67కూ 97కూ మధ్య ఎక్కడో ఉంది. ఎక్కడుందో ఆ 30 మందికే తెలుసు. వారు రాలేదు.

అందుకే నాకు 1981లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక పరిశోధన పత్రం అంటే ఇష్టం. అడెల్, బ్రోనెమార్క్, వారి సహచరులు రాసినది. పళ్లన్నీ పోయిన దవడల మీద 15 ఏళ్ల అనుభవం. 371 మంది, 410 దవడలు, 2768 స్క్రూలు. అంకెలు మరచిపోయినా పరవాలేదు. అందులో ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆ 371 మంది "వరుసగా వచ్చినవారు." అంటే, బాగా కుదిరిన నోళ్లను ఏరి చూపించలేదు. తలుపు తట్టిన క్రమంలోనే అందరినీ లెక్కలోకి తీసుకున్నారు. ఏటేటా పరీక్షించారు. వరుసగా వచ్చినవారు, ఏటేటా పరీక్ష. చెప్పడానికి రెండు ముక్కలే. ఫోన్లు చేసినవాణ్ని కాబట్టి ఆ రెండు ముక్కల వెనక ఎంత చాకిరీ ఉందో నాకు తెలుసు.

ఆ పత్రంలో ఇంకో ముచ్చట ఉంది. అయిదు నుంచి తొమ్మిదేళ్లు గమనించిన ఒక వర్గంలో 130 దవడలు, 895 స్క్రూలు ఉన్నాయి. పై దవడలో పెట్టిన స్క్రూలలో 81 శాతం గట్టిగా నిలిచాయి. కింది దవడలో 91 శాతం. ఆ వెంటనే వేరే లెక్క కూడా ఇచ్చారు. స్క్రూల మీద కట్టిన పళ్ల వరస ఉంటుంది కదా, బ్రిడ్జి అంటారు. ఆ బ్రిడ్జి కదలకుండా నిలిచినవి పై దవడలో 89 శాతం, కింది దవడలో నూటికి నూరు.

అవే నోళ్లు, అవే ఏళ్లు. ఒక లెక్కలో 91, ఇంకో లెక్కలో 100. రెండూ నిజమే. ఒక బ్రిడ్జి కింద నాలుగైదు స్క్రూలు ఉంటే, ఒకటి పోయినా మిగతావి మోస్తాయి. అద్దంలో చూసుకునే మనిషికి బ్రిడ్జి లెక్క ముఖ్యం. తర్వాతి స్క్రూను ఎలా తయారుచేయాలో ఆలోచించేవారికి స్క్రూ లెక్క ముఖ్యం. ఆ పత్రం రాసినవారు రెండూ పక్కపక్కన పెట్టారు, నూరు వచ్చిన లెక్క ఒక్కటే చూపించి ఊరుకోలేదు. నాకు నచ్చింది అదే. ఈ రోజుల్లో ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో ఒక శాతం కనిపిస్తుంది. ఏది లెక్కపెట్టారో, ఎన్నేళ్లకు లెక్కపెట్టారో, ఎంతమంది తిరిగి వచ్చారో ఆ పక్కన చిన్న అక్షరాలతోనైనా ఉండదు.

స్క్రూలను లెక్కపెట్టడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. 20 మందికి తలా అయిదు పెట్టారనుకోండి. మొత్తం వంద. అందులో పది పోయాయి. తొంభై శాతం నిలిచాయి అంటాం. ఆ పదీ ఇద్దరివే కావచ్చు, ఆ ఇద్దరికీ అన్నీ పోయి ఉండవచ్చు. లేదా పది మందికి ఒక్కొక్కటి చొప్పున పోయి ఉండవచ్చు. శాతం మాత్రం అదే తొంభై. నిజానికి ఇవి ఒకే నోట్లో గుంపుగా పోవడం వైద్యులు చూస్తూనే ఉంటారు. పొగతాగే అలవాటో, పాత చిగుళ్ల జబ్బో ఉంటే అది ఒక్క స్క్రూ దగ్గర ఆగదు కదా.

నోటి శస్త్రచికిత్సలో పరిశోధకులకు ఒక వరం ఉంది, అది కూడా చెప్పేస్తాను. నోటికి కుడి, ఎడమ ఉన్నాయి. ఒకే మనిషికి రెండు వైపులా జ్ఞానదంతాలు తీయాల్సి వస్తే, ఒకవైపు పాత పద్ధతిలో కుట్లు వేసి, ఇంకోవైపు కొత్త పద్ధతిలో వేసి, ఏ వైపు వాపు తక్కువో చూడవచ్చు. ఏ వైపు ఏ పద్ధతి అన్నది డాక్టరు ఇష్టానికి వదలరు, చీటీ తీసినట్టు నిర్ణయిస్తారు. వయసు అదే, రక్తం అదే, ఓర్పు అదే. ఇంతకంటే న్యాయమైన పోటీ ఎక్కడ దొరుకుతుంది? అయితే మింగే మాత్రను ఇలా పరీక్షించలేరు. అది కుడికీ వెళుతుంది, ఎడమకూ వెళుతుంది. మాత్రకు దిక్కులు తెలియవు.

సరే, మళ్లీ మన విషయానికి వస్తాను. "బాగానే ఉంది కదండీ" అన్న మాటకు.

ఊడకుండా ఉంటే బాగున్నట్టేనా? 1986లో ఆల్బ్రెక్ట్‌సన్, జార్బ్, వారి సహచరులు ఇంప్లాంట్ సఫలమైందని ఎప్పుడు అనాలో కొన్ని షరతులు రాశారు. కదలకూడదు. నొప్పి, చీము ఉండకూడదు. ఎక్స్‌రేలో ఇంప్లాంట్ చుట్టూ నల్లని నీడ కనిపించకూడదు. మొదటి ఏడాది తర్వాత చుట్టూ ఉన్న ఎముక ఏడాదికి 0.2 మిల్లీమీటర్ల కంటే తక్కువగానే తరగాలి. నోట్లో ఉండడం ఒకటి, ఈ షరతులన్నీ నెగ్గడం ఇంకొకటి. మొదటిదాన్ని నిలవడం అంటారు, రెండోదాన్ని సఫలం కావడం అంటారు.

ఇందాకటి స్వీడన్ పత్రంలో ఎముక లెక్క కూడా ఉంది. గాయం మానే కాలంలోనూ, పళ్లు కట్టిన మొదటి ఏడాదిలోనూ కలిపి సగటున 1.5 మిల్లీమీటర్లు తగ్గింది. ఆ తర్వాత ఏడాదికి 0.1 మాత్రమే. అంటే కాస్త తరగడం మామూలే. ఎంత తరుగుతోంది, ఆగిందా లేదా అన్నది చూడాలి.

దాన్ని మనం స్వయంగా చూడలేం. ఈ సంగతి ఫోన్లో అందరికీ చెప్పేవాణ్ని, ఇక్కడా చెబుతాను. సహజమైన పంటికి లోపల నరం ఉంటుంది. పంటికీ ఎముకకూ మధ్య సన్నని మెత్తని పొర ఉంటుంది. పంటి కింద చిన్న ఇసుక రేణువు పడితే తెలిసేది ఆ పొర వల్లే. ఇంప్లాంట్‌కు నరం లేదు, ఆ పొర లేదు. ఎముక నేరుగా లోహాన్ని పట్టుకుని ఉంటుంది. అందువల్ల చుట్టూ చిగురు చెడి, లోపల ఎముక కరిగిపోతున్నా చాలాకాలం నొప్పి రాకపోవచ్చు. బ్రష్ చేసేటప్పుడు కాస్త రక్తం కనిపిస్తుంది, అంతే. అందరూ దాన్ని తుడిచేసుకుని మరచిపోతారు. కదిలిందని తెలిసేసరికి చేయగలిగింది పెద్దగా మిగలదు. "బాగానే ఉంది" అన్నవారు అబద్ధం చెప్పడం లేదు. వారికి తెలిసే దారే లేదు.

డాక్టరుకు దారి ఉంది. సన్నని కొలబద్దతో చిగురు లోతు చూస్తారు, రక్తం వస్తోందేమో చూస్తారు. ఎక్స్‌రే తీసి పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తారు. పాతది లేకపోతే కొత్తది సగమే చెబుతుంది. ఎముక ఇప్పుడు ఎక్కడుందో తెలుస్తుంది, నిరుడు ఎక్కడుందో తెలియదు.

కాబట్టి ఇంప్లాంట్ ఉన్న శ్రోతలు ఈ వారం ఒక పని చేయండి. మీకు చికిత్స చేసినచోట ఒక కాగితమో కార్డో అడగండి. అందులో నాలుగు సంగతులు ఉండాలి. ఇంప్లాంట్ తయారుచేసిన కంపెనీ, దాని వ్యాసమూ పొడవూ, బ్యాచ్ నంబరు, పెట్టిన తేదీ. పళ్లు కట్టిన రోజున తీసిన ఎక్స్‌రే ప్రతి కూడా అడగండి. పదేళ్ల తర్వాత పైన ఉన్న పన్నును పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైతే, దాన్ని బిగించే పనిముట్టు ఏ కంపెనీదో తెలియక డాక్టర్లు తలపట్టుకోవడం నేను చూశాను. ఆ కార్డు ఉంటే అయిదు నిమిషాల పని. మీరు ఊరు మారినా, డాక్టరు మారినా ఆ కాగితం మీతో వస్తుంది. దాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి.

మీరు ఏదైనా పరిశోధనలో చేరి ఉంటే, అక్కడి నుంచి ఎవరైనా ఫోను చేస్తే, ఒక్కసారి వెళ్లి చూపించుకోండి. ఇంప్లాంట్ ఊడిపోయి ఉంటే మొహమాటపడకుండా ఆ మాటే చెప్పండి. డాక్టరుగారు బాధపడరు. కాస్త బాధపడినా, గడిలో సరైన మాట రాసుకుంటారు.

నమస్కారం.