స్కూల్లో రీడింగ్ స్పెషలిస్ట్ అసలు ఏం చేస్తారు?

[స్క్రీన్ మీద: స్కూల్ నుంచి వచ్చిన ఈమెయిల్]

నమస్తే అండీ. అమెరికాలో పిల్లల్ని ఎలిమెంటరీ స్కూల్‌కి పంపే మనవాళ్ళలో కొంతమందికి స్కూళ్ళు తెరిచిన కొన్ని వారాలకి ఇలాంటి మెయిల్ ఒకటి వస్తుంది. మీ అబ్బాయికి వారంలో నాలుగు రోజులు, రోజుకి అరగంట, రీడింగ్ స్పెషలిస్ట్ దగ్గర చిన్న గ్రూపులో పాఠం ఉంటుంది అని. అంతే, ఇంట్లో టెన్షన్ మొదలు. స్పెల్లింగ్ బీలో మన పిల్లలే గెలుస్తుంటే మనవాడికి చదవడం రాకపోవడం ఏంటని నాన్న, ట్యూషన్ పెట్టించేద్దామని అమ్మ, ఎవరికీ చెప్పకండర్రా అని ఇండియా నుంచి ఫోన్లో అమ్మమ్మ. నేను టెక్సస్‌లో ఈ ఉద్యోగమే చేస్తున్నాను, కాబట్టి ఆ అరగంటలో లోపల ఏం జరుగుతుందో నేరుగా చెప్తాను.

రీడింగ్ స్పెషలిస్ట్ అంటే ఎవరు అన్నది ముందు గబగబా చెప్పేస్తా. ఇంటి భాష వేరైన పిల్లలకి ఇంగ్లీషు నేర్పే ఈఎస్ఎల్ టీచర్ కాదు, స్పీచ్ థెరపిస్ట్ కాదు, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరూ కాదు. టెక్సస్‌లో ఈ సర్టిఫికెట్ రావాలంటే మాస్టర్స్ ఉండాలి, 2 ఏళ్ళు క్లాసులో పాఠాలు చెప్పి ఉండాలి, పరీక్ష పాసవ్వాలి. వేరే రాష్ట్రాల్లో రూల్స్ వేరుగా ఉంటాయి. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న చాలా స్కూళ్ళలో ఈ ఉద్యోగానికి డబ్బు 1965 నాటి చట్టం కింద వచ్చే టైటిల్ వన్ నిధుల్లోంచి వస్తుంది.

ఇక అసలు పని. పిల్లాడి చదువు ఎక్కడ ఇరుక్కుందో వెతకడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, "రోజూ ఎక్కువ చదివించండి" అన్న సలహాకీ దీనికీ చాలా దూరం ఉంది.

[స్క్రీన్ మీద: అక్షరాలు పలకడం × మాట అర్థం కావడం = చదివింది అర్థం కావడం]

1986లో గఫ్, టన్మర్ అని ఇద్దరు పరిశోధకులు చదవడం గురించి ఈ లెక్క చెప్పారు. ఇది కూడిక కాదు, గుణకారం. ఒకవైపు సున్నా అయితే మొత్తం సున్నానే. మన ఇళ్ళలోనే చూడండి. తెలుగు లిపిలో ఉన్న సంస్కృత స్తోత్రాన్ని తప్పు పోకుండా గడగడా చదివేస్తాం, మూడో లైనుకి అర్థం చెప్పమంటే నీళ్ళు నములుతాం. అదే ఇక్కడ పుట్టిన పిల్లకి నానమ్మ తెలుగులో చెప్పే కథ మొత్తం అర్థమవుతుంది, ఊరెళ్ళినప్పుడు బస్సు బోర్డు మాత్రం చదవలేదు. ఇద్దరికీ "చదవడం సరిగ్గా రాదు" అన్న ఒకే మాట, కానీ ఇద్దరికీ ఒకే మందు వేస్తే పనిచేస్తుందా? ఇంగ్లీషులోనూ అంతే. కూడబలుక్కుని చదివే పిల్లాడికి ఒక రకం పాఠం, గుడ్డెద్దు చేలో పడ్డట్టు చదువుకుంటూ పోయి చివర్లో ఏం చదివావంటే మొహం చూసే పిల్లాడికి ఇంకో రకం పాఠం.

ఎవరు ఏ రకమో తెలుసుకోవడానికి పెట్టే చిన్న పరీక్షల్లో ఒకటి చూసి తల్లిదండ్రులు బిత్తరపోతుంటారు. ఫిమ్, లుఫ్, కెబ్. ఇలాంటి అర్థం లేని పదాలు కాగితం నిండా ఉంటాయి. చదువు చెప్పమంటే ఈ పిచ్చి పదాలేంటని అడిగినవాళ్ళున్నారు. నిజమైన పదాలిస్తే పిల్లాడు చదువుతున్నాడో, ముందే చూసి గుర్తుపెట్టుకున్నది అప్పజెప్తున్నాడో తెలీదండీ. "లుఫ్" అన్న మాట ఎవడూ బట్టీ పట్టి ఉండడు కదా.

ఇంకోటి, ఒక నిమిషం పైకి చదివించి తప్పు లేకుండా ఎన్ని పదాలు చదివారో లెక్కపెట్టడం. అమెరికాలో ఎక్కువగా వాడే హాస్‌బ్రూక్, టిండల్ పట్టికలో 2017 లెక్కల ప్రకారం సెకండ్ గ్రేడ్ చివరికి మధ్యస్థంగా ఉన్న పిల్లలు నిమిషానికి 100 పదాలు చదువుతారు. ఈ అంకె చెప్పడానికే నాకు భయం, ఎందుకంటే మనవాళ్ళు ఈ సాయంత్రమే ఫోన్లో టైమర్ పెట్టి కూర్చుంటారు. దయచేసి వద్దు. ఆ నిమిషంలో మేము పిల్లాడు ఎక్కడ ఆగాడు, ఏ అక్షరాల దగ్గర తడబడ్డాడు, తప్పు తనే దిద్దుకున్నాడా అని కూడా చూస్తాం. ఇంకో మాట, ఇంటి భాష వల్ల వచ్చే యాసని తప్పు కింద వేయకూడదు. దిక్కు పేరు వెస్ట్‌నీ, తొడుక్కునే వెస్ట్‌నీ మన పిల్లాడు ఒకేలా పలికినా తప్పు వేయరు.

[స్క్రీన్ మీద: కాగితం మీద మూడు గడులు, పక్కన మూడు ప్లాస్టిక్ బిళ్ళలు]

ఇది నాకు ఇష్టమైన భాగం. ఎల్కోనిన్ అనే సోవియట్ మనస్తత్వవేత్త పేరు మీద వీటిని ఎల్కోనిన్ గడులు అంటారు. నేను "షిప్" అంటాను. పిల్లాడు ఆ మాటని నెమ్మదిగా సాగదీసి పలుకుతూ, ఒక్కో ధ్వనికి ఒక్కో బిళ్ళని గడిలోకి జరపాలి. ష్, ఇ, ప్. మూడు బిళ్ళలు. ఆ తర్వాత బిళ్ళలు తీసేసి అక్షరాలు రాస్తాం. ఎస్, హెచ్ రెండూ కలిసి మొదటి గడిలోనే కూర్చుంటాయి, ఎందుకంటే అక్షరాలు నాలుగైనా ధ్వనులు మూడే. అప్పటిదాకా ఆ పదాన్ని నాలుగు ముక్కలు చేసి తంటాలు పడుతున్న పిల్లాడు ఇక్కడ ఒక్కసారి తలెత్తి చూస్తాడు.

ఇక్కడే మన ఇళ్ళలో ఒక చిక్కుంది. మనం గుణింతాలతో పెరిగినవాళ్ళం, మన అక్షరంలోనే అచ్చు కలిసి ఉంటుంది. అందుకని పిల్లల చేత "బ్యాట్" చదివించేటప్పుడు తెలీకుండానే "బ... యా... ట..." అని చెప్తాం. పిల్లాడు వాటిని కలిపితే "బయాట" వస్తుంది, బ్యాట్ రాదు. కాబట్టి పొల్లు పలకండి. బ్, యా, ట్. చిన్నప్పుడు మన మాస్టారు నేర్పిన పొల్లు హల్లే ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇంకో జబ్బు ఊహించి చదవడం. బొమ్మలో గుర్రం ఉంటుంది, కింద "పోనీ" అని ఉంటుంది, పిల్ల "హార్స్" అని చదివి పేజీ తిప్పేస్తుంది. ఒకప్పుడు చాలా స్కూళ్ళలో తెలీని పదం వస్తే బొమ్మ చూడు, వాక్యాన్ని బట్టి ఊహించు అని పద్ధతిగా నేర్పారు. ఇప్పుడు చాలా చోట్ల ఆ పద్ధతిని పక్కన పెట్టేశారు, కొన్ని రాష్ట్రాలైతే చట్టం చేసి మరీ ఆపాయి. బొమ్మలు పోయి చిన్న అక్షరాల పుస్తకాలు వచ్చే థర్డ్, ఫోర్త్ గ్రేడ్లలో ఈ అలవాటు బయటపడుతుంది. అప్పుడు మాన్పించడం కష్టం, అందుకే కిండర్‌గార్టెన్, ఫస్ట్ గ్రేడ్ పిల్లల మీద మేము అంత పట్టుబడతాం.

పిల్లలతో గడిపేది పోగా, మిగతా టైమ్ టీచర్లతో. వాళ్ళ క్లాసులో కూర్చోవడం, ఒక పాఠం చెప్పి చూపించడం, పరీక్షల లెక్కలు ముందేసుకుని ఎవరిని ఏ గ్రూపులోకి మార్చాలో తేల్చడం. ఇది బయటికి కనపడదు, కొన్ని స్కూళ్ళలో దీన్ని లిటరసీ కోచ్ అని వేరే ఉద్యోగంగానే పెడతారు. మిసిసిపీ రాష్ట్రం 2013లో చట్టం తెచ్చి, వెనకబడ్డ స్కూళ్ళకి ఇలాంటి కోచ్‌లని పంపింది. అప్పటికి ఫోర్త్ గ్రేడ్ జాతీయ రీడింగ్ పరీక్షలో ఆ రాష్ట్రం సగటు 209, 2019 నాటికి 219కి చేరి దేశ సగటుని అందుకుంది. అదే చట్టం కింద థర్డ్ గ్రేడ్‌లో చదవడం రాని పిల్లల్ని అదే క్లాసులో ఆపేశారు కూడా, కాబట్టి ఘనత ఎవరిది అన్న గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. నా ఓటు మాత్రం కోచ్‌లకే, నేను ఎటూ పక్షపాతినే కదా.

సరే, మెయిల్ వచ్చింది. ఏం చేయాలి? ముందుగా, ఇంట్లో తెలుగు ఆపకండి. ఇంగ్లీషు రావాలని తెలుగు మానేసి, అరకొర ఇంగ్లీషులో "కమ్, ఈట్, స్లీప్" అని మాట్లాడేకంటే, తెలుగులో కథ చెప్పి "తర్వాత ఏమైంటుందంటావ్?" అని అడగడం వందరెట్లు మేలు. ఇందాక లెక్కలో రెండో భాగం ఉంది చూశారా, మాట అర్థం కావడం, అది అక్కడ పెరుగుతుంది. స్కూల్లో చేర్చేటప్పుడు ఇచ్చే భాషల ఫారంలో కూడా ఇంట్లో తెలుగు మాట్లాడుతుంటే తెలుగు అనే రాయండి. భయపడి ఇంగ్లీష్ అని రాస్తే మాకు సగం సంగతి తెలీకుండా పోతుంది.

తర్వాత స్పెషలిస్ట్‌కి తిరుగు మెయిల్ పెట్టండి. మావాడు సరిగ్గా ఏ మెట్టు దగ్గర ఆగాడు, దానికి మీరు ఏం నేర్పుతున్నారు, ఎన్ని వారాలకి ఒకసారి చూసి మాకు చెప్తారు, ఏ సబ్జెక్ట్ టైమ్‌లో బయటికి తీసుకెళ్తున్నారు. "రీడింగ్‌లో కొంచెం వెనకబడ్డాడు" అని మాత్రమే జవాబొస్తే ఊరుకోకండి, మళ్ళీ అడగండి. కొన్ని నెలలైనా ఆ చిన్న పరీక్షల్లో మార్కులు పెరగకపోతే, లేదా డిస్లెక్సియా, అంటే పదాలు చదవడంలో ఉండే ఒక రకం ఇబ్బంది, ఏమో అని అనుమానముంటే, పూర్తి పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది. "ముందు ఈ గ్రూపు పాఠాలు అవ్వనివ్వండి" అని స్కూలు దాన్ని వాయిదా వేయకూడదని అమెరికా కేంద్ర విద్యాశాఖ 2011లోనే చెప్పింది. స్కూలు ఒప్పుకున్నాక మీరు సంతకం పెట్టిన రోజు నుంచి మామూలుగా 60 రోజులు గడువు, కొన్ని రాష్ట్రాలు వేరే గడువు పెట్టుకున్నాయి. నోటిమాటగా చెప్పి వదిలేయకండి. మెయిల్‌లో రాయండి, తేదీ వేయండి, కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి.