పదిహేడు ఒంటెలు, ఒక అప్పు ఒంటె

[తెర మీద: 17 ఒంటెలు వరసగా]

ఈ పాత చిక్కు లెక్క మీరు వినే ఉంటారు. 17 ఒంటెలు, ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి సగం, రెండోవాడికి మూడోవంతు, చిన్నవాడికి తొమ్మిదోవంతు ఇమ్మని తండ్రి చెప్పిపోయాడు. 17లో సగం ఎనిమిదిన్నర. అర ఒంటెను ఎవడు తోలుకెళ్తాడు?

అటుగా వచ్చిన ఓ పెద్దమనిషి తన ఒంటెను కూడా కలిపి 18 చేశాడు. 9, 6, 2 పంచేశాడు. మొత్తం 17. మిగిలిన తన ఒంటె ఎక్కి వెళ్ళిపోయాడు.

ఎలా మిగిలింది? ఒంటెల్ని కాసేపు పక్కన కట్టేసి వాటాలు కూడదాం.

[తెర మీద: 1/2 + 1/3 + 1/9]

తొందరపడితే పైవి పైవి, కిందవి కిందవి కలిపి 3/14 అనేస్తాం. పెద్దవాడి వాటా ఒక్కటే సగం కదా! 3/14 అయితే పావు కూడా లేదు. కలిపిన కొద్దీ తగ్గడమేమిటి?

కింద ఉండే హారం ముక్క ఎంతదో చెబుతుంది, పైన ఉండే లవం అలాంటివి ఎన్ని ఉన్నాయో చెబుతుంది. ముక్కలు ఒకే సైజులో లేకపోతే లెక్కపెట్టడం కుదరదు. నిజానికి ఈ పని మనం మాటల్లో రోజూ చేస్తున్నదే. అర, పావు కలిస్తే ముప్పావు అంటాం, అంటే మూడు పావులు. అరను రెండు పావులుగా మార్చాకే ఆ మాట పుడుతుంది.

ఇక్కడా ముక్కల్ని ఒకే సైజుకి తేవాలి. 2, 3, 9ల క.సా.గు., అంటే ఈ మూడింటితోనూ శేషం లేకుండా భాగించగల అతి చిన్న సంఖ్య, 18.

[తెర మీద: 9/18 + 6/18 + 2/18 = 17/18. పద్దెనిమిది గళ్ళ పట్టీలో చివరి గడి ఖాళీ]

లవం హారం కన్నా చిన్నది, కాబట్టి మొత్తం ఒకటికి చేరలేదు. రెండూ సమానమైతే సరిగ్గా ఒకటి, లవం పెద్దదైతే ఒకటి దాటినట్టు. ఈ వీలునామాలో 1/18 ఎవరికీ రాయలేదు. 18 ఒంటెల్లో 1/18 అంటే ఒక ఒంటె. పెద్దమనిషి ఎక్కి వెళ్ళింది దాన్నే.

ఇప్పుడు చిన్నవాడి వాటా మార్చి చూద్దాం. పావు ఇస్తే 6/12 + 4/12 + 3/12 = 13/12. ఒకటి దాటిపోయింది, అంటే ఉన్నదానికన్నా ఎక్కువ పంచమన్నట్టు. ఆరోవంతు ఇస్తే 3/6 + 2/6 + 1/6 = 6/6, సరిగ్గా ఒకటి.

అప్పుడు 18 ఒంటెలూ 9, 6, 3గా పోతాయి. పెద్దమనిషి ఇంటికి నడిచి వెళ్ళాల్సిందే.