జియోపాండాస్ రివ్యూ: ఫిల్టర్ ఫైల్ తెరిచేటప్పుడే పెట్టండి

అందరికీ నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఒక ఆన్‌లైన్ కోర్సు వాళ్లు నాకు ఫ్రీ యాక్సెస్ ఇచ్చి, జియోపాండాస్ మీద, అంటే పైథాన్‌లో మ్యాపుల డేటాతో పనిచేసే లైబ్రరీ మీద, వీడియో చెయ్యమన్నారు. ఇన్‌స్టాల్ చెయ్యడం, ఫీచర్ల లిస్టు అవన్నీ మీరు చూసే ఉంటారు, నేను ఒక్కదాని గురించే మాట్లాడతా: ఫైల్ తెరిచి చదివే రీడ్ ఫైల్ (read_file) ఫంక్షన్‌లో ఉండే వేర్ (where), అంటే ఏ వరసలు కావాలో ముందే చెప్పే షరతు.

ఇదివరకు నేను రాష్ట్రంలోని గ్రామాల హద్దులున్న ఫైల్ మొత్తం మెమరీలోకి ఎక్కించి, ఆ తర్వాత నాక్కావాల్సిన జిల్లాని వడగట్టేవాణ్ణి. 8 జీబీ ల్యాప్‌టాప్, టీ పెట్టుకుని తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. ఇప్పుడు వేర్‌లో జిల్లా పేరు ఇస్తే ఆ జిల్లా వరసలే లోపలికొస్తాయి, మిగతావి గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. పైగా 2024లో వచ్చిన 1.0 వెర్షన్ నుంచి ఫైళ్లు చదవడానికి పైఓగ్రియో (pyogrio) అనే ఇంజిన్ డిఫాల్ట్ అయింది కాబట్టి చదవడమూ బాగా వేగంగా ఉంది. ఇది చూసినరోజు నిజంగా ఎంత సంతోషమేసిందో!

కానీ ఒక విషయంలో మాత్రం నాకు చాలా కోపం. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ల కోసం జిల్లా పేరు ఏలూరు అని ఇచ్చా. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, ఖాళీ టేబుల్ వచ్చింది. గంటసేపు కోడ్ వెతికా. తీరా చూస్తే నా ఫైల్ 2011 జనాభా లెక్కల నాటిది, ఏలూరు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న! పేరు చివర ఒక్క స్పేస్ ఎక్కువున్నా ఇదే కథ. అందుకే ఫిల్టర్ రాయకముందు జిల్లా కాలమ్ ఒక్కటే చదివి యునీక్ (unique) కొట్టి అందులో ఏయే పేర్లున్నాయో చూడండి, ఫిల్టర్ అయ్యాక ఎన్ని వరసలొచ్చాయో ప్రింట్ చెయ్యండి.

చివరికి జిల్లా పేరు వదిలేసి సీఎక్స్ (cx)తో తీశా, అంటే అక్షాంశ రేఖాంశాలతో ఒక పెట్టె గీయడం. 81 నుంచి 81.4, తర్వాత 16.5 నుంచి 16.8. రేఖాంశమే ముందు రాయాలి, తిరగేస్తే మళ్లీ ఖాళీ టేబులే. ఇంకోటి, ఇది హద్దుల్ని కత్తిరించదు, పెట్టెకి తగిలిన ఊరు ఊరంతా వచ్చేస్తుంది. కత్తిరించాలంటే క్లిప్ వాడాలి.

జియోపాండాస్ కళ్లు మూసుకుని నేర్చుకోండి, ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు. ఆ కోర్సులో మాత్రం ఫైలంతా చదివాకే ఫిల్టర్ చెయ్యడం నేర్పుతున్నారు, వేర్ ఊసే లేదు. అది చేర్చేదాకా డబ్బులు పెట్టి కొనమని నేను చెప్పను, వాళ్లకీ ఇదే చెప్పా.